రెండు పట్టాల మధ్య అబద్ధం

నా బల్ల మీద ఒక రైలింజను రెండు ముక్కలై ఉంది. అమెరికాలో ఒకప్పుడు తిరిగిన ఆరు ఇరుసుల ఆల్కో డీజిల్ ఇంజనుకు నమూనా అది. ఎన్ స్కేలు, అంటే అసలు దానిలో 160వ వంతు. ఎవరో వాడి అమ్మేసినదాన్ని కొన్నాను. సన్నపళ్ళ రంపంతో పైనున్న ప్లాస్టిక్ తొడుగును కోసి, లోపలి లోహపు చట్రంలోంచి రెండు సెంటీమీటర్ల దాకా తీసేసి, దాన్ని మన రైల్వేల డబ్ల్యూడీఎం-2గా మార్చే పని పెట్టుకున్నాను. "బాగా నడిచేదాన్ని డబ్బు పెట్టి కొని, కోసి పాడుచేయడం ఏమిటి?" అని మా ఆవిడ అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే నూటముప్పై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి.

బొమ్మ రైళ్ళ చరిత్ర అంటే సాధారణంగా కంపెనీల చరిత్రే చెబుతారు: ఫలానా ఏడు ఫలానా వారు ఫలానా గేజి తెచ్చారు, ఫలానా వారు దివాలా తీశారు, ఇంకొకరు కొన్నారు. అది అవసరమే. కానీ దానికి సమాంతరంగా ఇంకో చరిత్ర ఉంది. కొన్న బొమ్మను ఇంటికి తెచ్చి, పెట్టె విప్పి, 'ఇది ఇలా ఉండదే!' అని ఆకురాయి చేతికి తీసుకున్నవాళ్ళ చరిత్ర. కంపెనీలు తరవాత చేసిన మంచి పనుల్లో చాలా భాగం ఈ ఆకురాళ్ళవాళ్ళు ముందే చేసి చూపించినవే.

1891లో జర్మనీలో గోపింగెన్ ఊరి మెర్క్లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో బొమ్మ రైలును పట్టాలతో సహా ప్రదర్శించింది. అంతకు ముందూ తగరపు రేకు ఇంజన్లు ఉండేవి. ఎవరి కొలత వారిది. మెర్క్లిన్ గేజిలకు అంకెలు పెట్టింది. దానివల్ల ఈ ఏడాది ఇంజను, వచ్చే ఏడాది నాలుగు పెట్టెలు, ఆపై ఏడు మరికొన్ని పట్టాలు కొనుక్కోవచ్చు. వ్యాపారపరంగా గొప్ప ఊహ అది. కానీ అవి బొమ్మలు. చక్రాలు పిల్లాడి చేతికి తగ్గ లావు, రంగులు పిల్లాడి కంటికి తగ్గ మెరుపు. ఏ దేశపు ఇంజను ఏ రూపంలో ఉంటుందన్న పట్టింపు పెద్దగా లేదు.

ఆ పట్టింపు తెచ్చినవాడు నార్తాంప్టన్‌కి చెందిన బాసెట్-లోక్. 1900 పారిస్ ప్రదర్శనలో జర్మన్ బొమ్మల పనితనం చూసి, న్యూరెంబర్గ్‌లోని బింగ్ కంపెనీ చేత బ్రిటిష్ ఇంజన్ల రూపంలో రైళ్ళు చేయించి ఇంగ్లండులో అమ్మాడు. రూపకల్పనలో ఆయనకు తోడు హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరు. అప్పటినుంచే కొనేవాళ్ళలో పిల్లల పక్కన పెద్దలు కూడా చేరారు. పెద్దలు చేరాక బొమ్మకు పోలిక చూడటం మొదలైంది. పోలిక మొదలైతే తప్పులు కనబడతాయి.

అసలు పెద్ద తప్పు 1920లలో పడింది. అదే ఈ వ్యాసానికి మూలం.

మెర్క్లిన్ అంకెల్లో చిట్టచివరిది సున్నా గేజి. ఇళ్ళు చిన్నవవుతున్నాయి, భోజనాల బల్ల మీద పట్టే రైలు కావాలి. 1922లో బింగ్ వారు బల్ల మీది రైలును తెచ్చారు. ఇంగ్లండులో అమ్మింది బాసెట్-లోకే. సున్నాలో సగం కాబట్టి 'హాఫ్ ఓ', హెచ్ఓ. అందులో ఒక అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. అసలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు గనక నమూనాలో 16.5 మిల్లీమీటర్లు. లెక్క సరిపోయింది. చిక్కల్లా బ్రిటిష్ ఇంజన్లతో వచ్చింది. ఆ దేశపు వంతెనలు, సొరంగాలు ఇరుకు కావడంవల్ల అక్కడి ఇంజన్లు యూరప్, అమెరికా ఇంజన్లకన్నా సన్నం, పొట్టి. ఆనాటి మోటారు వాటి కడుపులో పట్టలేదు. మోటారు తగ్గదు, పట్టాలు అప్పటికే ఖాయమైపోయాయి. అంచేత ఇంజనునే పెంచారు. అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు చేసి, పట్టాలను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. ఇదే డబుల్ ఓ. 1938లో హార్న్‌బీ కంపెనీ 'డబ్లో' పేరుతో దీన్ని ఇంటింటికీ చేర్చింది.

నాలుగు మిల్లీమీటర్ల లెక్కన పట్టాల మధ్య 18.83 ఉండాలి. ఉన్నది 16.5. అంటే పైన శరీరమంతా 76వ వంతు, కింద కాళ్ళు 87వ వంతు. ఎదురుగా నిలబడి చూస్తే పెద్ద మనిషి చిన్నపిల్లాడి చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది. లోపం రెండుంపావు మిల్లీమీటర్ల పైచిలుకు. అయితేనేం, వందేళ్ళయినా బ్రిటన్‌లో ఎక్కువమంది ఇప్పటికీ ఆ గేజి మీదే నడుపుతున్నారు. ఇక ఇంగ్లీషు మోడలర్ల ప్రయత్నాలన్నీ ఈ రెండుంపావు మిల్లీమీటర్లతో చేసిన బేరాలే.

ఒక రకం బేరం జాన్ అహెర్న్‌ది. ఆయన 1930ల చివర మొదలుపెట్టిన మాడర్ వ్యాలీ రైల్వే ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో లాంగ్ విట్టెన్‌హామ్ అనే ఊళ్ళో పెండన్ మ్యూజియంలో ఉంది. పట్టాల వెడల్పు తప్పన్న సంగతి ఆయనకు తెలుసు. దాని జోలికి పోలేదు. అసలు చిన్న గేజిల మీద తిరిగిన ఇంజన్ల నమూనాలను కూడా తెచ్చి తన 16.5 మీద పెట్టుకున్నాడు. ఆయన పట్టుబట్టింది ఇంకోచోట. అప్పటిదాకా మోడల్ రైల్వే అంటే పట్టాలు, సిగ్నళ్ళు, మెరిసే ఇంజన్లు. చుట్టూ ఉన్నది ఖాళీ బల్ల. అహెర్న్ ఇంజను చుట్టూ ఊరు పెట్టాడు. మకిలి పట్టిన గోడలు, వంగిన కప్పులు, రేవు, ఓ మూల పాడుబడిన షెడ్డు. ఇంజన్లూ ఆ ఊరికి తగ్గట్టే: చిన్నవి, పాతవి, కొంచెం వాడిపోయినవి. ఈ పనులెలా చేయాలో ఆయన పుస్తకాలు కూడా రాశాడు. కొలత తప్పినా నిజం అనిపించవచ్చని చూపించిన మనిషి.

రెండోరకం వాళ్ళు ఆ తప్పును తప్పుగానే చూశారు. మొదట ఈఎం గేజి వచ్చింది. ఈఎం అంటే ఎయిటీన్ మిల్లీమీటర్స్. కొద్దిగా దగ్గరికి వచ్చారు, పూర్తిగా కాదు. 1955 నాటికి వారికో సంఘం కూడా ఏర్పడింది. పెండన్ మ్యూజియం స్థాపించిన రాయ్ ఇంగ్లండ్ తన లోయ మొత్తాన్ని పద్దెనిమిది మిల్లీమీటర్ల పట్టాలమీదే కట్టించాడు. 1966లో మరికొందరు ఆ రాజీ కూడా వద్దని, అసలు కొలత 18.83నే ఖాయం చేసి ప్రోటోఫోర్ అన్నారు.

పట్టాలు మారిస్తే సరిపోదని అప్పుడు తెలిసింది. చక్రం లోపలి అంచు పట్టాను పట్టుకుని ఉండబట్టే బండి పడిపోదు. బొమ్మ చక్రానికి ఆ అంచు ఒక మిల్లీమీటరుకు పైగా ఉంటుంది, పట్టాలు ఎగుడుదిగుడైనా ఫరవాలేదు. అసలు చక్రాన్ని లెక్కప్రకారం తగ్గిస్తే ఆ అంచు అర మిల్లీమీటరు కూడా రాదు. నాలుగు చక్రాల వేగను గట్టి చట్రంతో ఉంటే, ఎక్కడో ఒక పట్టా వెంట్రుకవాసి కుంగినా ఒక చక్రం గాలిలో తేలి బండి పక్కకు పడుతుంది. దీనికి వాళ్ళు కనుక్కున్న మందు మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. ముక్కాలిపీట ఎంత గతుకుల నేల మీద పెట్టినా ఊగదు, నాలుగు కాళ్ళ పీట ఊగుతుంది. వేగనుకు ఒక ఇరుసును చట్రానికి గట్టిగా బిగించి, రెండోదాన్ని మధ్యలో ఒక కీలు మీద అటూ ఇటూ వాలేట్టు చేశారు. ఇప్పుడు బండి మూడు కాళ్ళమీద నిలబడినట్టు లెక్క. నాలుగు చక్రాలూ ఎప్పుడూ పట్టాలను తాకే ఉంటాయి. ఎంత గొప్ప ఇంజనీరింగో అంత ఇంటి తెలివి!

కానీ దీనికో ధర ఉంది. పిల్లల సెట్లో మలుపు వ్యాసార్ధం 37 సెంటీమీటర్లు. అసలు లోకంలో అది 28 మీటర్లకు సమానం. ఏ మెయిన్‌లైన్ ఇంజనూ అంత ముడుచుకుని తిరగలేదు. చక్రాలు సరిచేస్తే మలుపులు సాగాలి, మలుపులు సాగితే గది చాలదు. నిజం చెప్పడానికి చోటు కావాలి. అందుకే ఈ రెండోరకం వాళ్ళలో చాలామంది జీవితకాలంలో నాలుగు ఇంజన్లు, రెండు గజాల స్టేషను పూర్తిచేస్తే అదే గొప్ప.

చోటు సమస్యకు జవాబుగా 1960ల మొదట్లో న్యూరెంబర్గ్ ఆర్నాల్డ్ కంపెనీ 9 మిల్లీమీటర్ల గేజి తెచ్చింది. ఇంగ్లీషులో నైన్, జర్మన్‌లో నాయిన్, ఇంకా చాలా యూరప్ భాషల్లో తొమ్మిదికి మొదటి అక్షరం ఎన్ కాబట్టి ఎన్ గేజి. (మనవాళ్ళు తెచ్చి ఉంటే 'త గేజి' అయ్యేది.) అసలు పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లను 160తో భాగిస్తే దాదాపు 9, జర్మన్లకూ అమెరికన్లకూ లెక్క సరిపోయింది. బ్రిటిష్‌వాళ్ళు మళ్ళీ అదే కారణంతో అదే పనిచేశారు. శరీరం 148వ వంతు, పట్టాలు 9. జపాన్‌వాళ్ళది తలకిందులు. అక్కడి పాత లైన్లు 1067 మిల్లీమీటర్ల ఇరుకు గేజివి. 150వ వంతులో ఏడుకు కాస్త పైన రావాలి, వాళ్ళూ తొమ్మిది మీదే నిలబెట్టారు. అంటే ఒకే పట్టాల మీద బ్రిటిష్ బండి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, జపాన్ బండి కాళ్ళు చాచుకుని, జర్మన్ బండి మాత్రం సరిగ్గా నిలబడి పోతుంటాయి. దీన్నీ సరిదిద్దేవాళ్ళున్నారు. 1960లోనే బ్రిటన్‌లో పుట్టిన టూ మిల్లీమీటర్ స్కేల్ అసోసియేషన్ 9.42 మిల్లీమీటర్ల పట్టాలు వాడుతుంది. కంపెనీ ఇంజన్లలో చక్రాలు తీసి, దానికి సరిపోయే చక్రాలు వేసుకుంటారు.

ఇంత చిన్న కొలతలో ఇంకో శత్రువు ఉంది, అది భౌతికశాస్త్రం. డబ్ల్యూడీఎం-2 బరువు 112 టన్నుల పైమాట. పొడవును 160తో భాగిస్తే చాలు గాని, బరువును 160తో మూడుసార్లు భాగించాలి. మిగిలేది 27 గ్రాములు. పాత అయిదు రూపాయల బిళ్ళలు మూడు! అంత తేలిక బండికి పట్టాల మీద పట్టు ఉండదు, కరెంటూ సరిగా అందదు. చక్రానికీ పట్టాకూ మధ్య ఒక్క దుమ్ము రేణువు చాలు, బండి ఠక్కున ఆగిపోతుంది. అందుకే మోడలర్లు దొరికిన ప్రతి ఖాళీలో సీసం కుక్కుతారు, అన్ని చక్రాలనుంచీ కరెంటు తీసుకునేట్టు సన్నటి రాగి రేకులు పెడతారు, మోటారు ఇరుసుకు చిన్న బరువుచక్రం తగిలిస్తారు. దుమ్ము అడ్డొచ్చిన ఆ క్షణం అది తిరుగుతూనే ఉండి బండిని దాటించేస్తుంది. వేగం కూడా అంతే: గంటకు 120 కిలోమీటర్లు అంటే ఈ స్కేలులో సెకనుకు 21 సెంటీమీటర్లు. పాత బొమ్మ ఇంజన్లు బల్ల మీద రాకెట్టులా పోయేవి. గేర్ల నిష్పత్తి మార్చి వాటికి నడక నేర్పిందీ ముందు ఇళ్ళల్లోనే.

అమెరికాలో జాన్ అలెన్ మరో సంగతి నేర్పాడు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆయన కట్టిన రైల్వేలో కొత్తగా మెరిసే వేగను కనబడదు. తుప్పు, నూనె, మసి, ఎండకు వెలిసిన రంగు అన్నీ చేత్తో పూసినవే. రెండు మూడు కిట్ల ముక్కలు కలిపి ఎక్కడా అమ్మని బండి తయారుచేయడంలోనూ దిట్ట. అంత నిజాన్ని వెంటాడినవాడే యార్డులో వేగన్లు తోయడానికి ఇంజను బదులు ఒక స్టెగోసారస్ రాక్షసబల్లిని పెట్టి, పేరు ఎమ్మా అన్నాడు. 1973 జనవరిలో ఆయన పోయారు. మరి కొద్దిరోజులకే నిప్పంటుకుని ఆ రైల్వే చాలా భాగం కాలిపోయింది. మిగిలినవి ఫోటోలు, ఇప్పుడు ప్రపంచమంతా అలవాటైన ఆ మురికి.

మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళకు ఒక మాట. బోస్టన్ పక్కన ఎంఐటీలో 1946లో విద్యార్థులు ఒక మోడల్ రైల్వే క్లబ్బు పెట్టుకున్నారు. బల్ల పైన ఊళ్ళు కట్టేవాళ్ళు కొందరు, బల్ల కింద దూరి పాత టెలిఫోన్ రిలేలతో సిగ్నళ్ళ వ్యవస్థ కట్టేవాళ్ళు కొందరు. కింద దూరినవాళ్ళ వాడుకలో తెలివైన మార్పుకు పేరు 'హ్యాక్'. 1959లో పీటర్ శాంసన్ చేసిన క్లబ్బు పదకోశంలో ఆ మాట ఉంది. తరవాత అదే కుర్రాళ్ళు కంప్యూటర్ల గదిలోకి వెళుతూ మాటను కూడా తీసుకెళ్ళారు. కొన్నదాన్ని కొన్నట్టు ఉంచకపోవడం అన్న బుద్ధి అక్కడినుంచి ఎంతదూరం వచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఇక మన సంగతి. డల్హౌసీ హయాంలో ఇండియాకు గేజి నిర్ణయించేటప్పుడు ఆయన ఆరడుగులు మేలన్నాడు, సలహా ఇంజనీరు సిమ్స్ అయిదున్నర అన్నాడు, చివరికి అయిదున్నరే నిలిచింది. 1676 మిల్లీమీటర్లు. ఆ ఒక్క నిర్ణయం నా బల్లదాకా వచ్చింది. హెచ్ఓలో మనకు 19.26 కావాలి, ఉన్నది 16.5. ఎన్‌లో పదిన్నర కావాలి, ఉన్నది తొమ్మిది. బ్రిటిష్‌వాళ్ళు మోటారు పట్టక చెప్పిన అబద్ధాన్ని, మనం పట్టాలు దొరక్క చెబుతున్నాం.

అయితే ఈ ఇంజను విషయంలో ఒక అదృష్టం ఉంది. డబ్ల్యూడీఎం-2 పుట్టుకే అమెరికాది. ఆల్కో కంపెనీ నమూనా; మొదటివి 1962లో అక్కడినుంచే వచ్చాయి, 1964నుంచి వారణాసిలో తయారయ్యాయి. అంచేత అమెరికన్ ఆల్కో బోగీలు, ఒక పక్కకు జరిగినట్టుండే ఆ మూడు ఇరుసుల అమరికతో సహా, మనవాటికి బంధువులే. మార్చాల్సింది మిగతాది. అసలు పొడవు 17.12 మీటర్లు గనక నమూనా పది సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్లకు రావాలి. చట్రం రెండు సగాలుగా ఉంటుంది, ఒక్కో సగం ఒక్కో పట్టా కరెంటు మోస్తుంది, కోసేటప్పుడు రెండూ ఎక్కడా తగలకూడదు. అమెరికన్ ఇంజనుకు పక్క బఫర్లుండవు. ఇత్తడి కడ్డీ కోసి మనమే పెట్టాలి. పోతపోసిన లావుపాటి చేతికడ్డీలు చెక్కేసి 0.2 మిల్లీమీటర్ల తీగ వంచి పెట్టాలి. రంగు మాత్రం, నా దగ్గరున్న ఫోటోలోలాగే, మెరూన్ మీద పసుపు పట్టీ.

ఫోటో మా కాకది. ఆయన కాజీపేటలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు షెడ్డు దగ్గరికి వెళితే ఎత్తుకుని క్యాబులో కూచోబెట్టేవాడు. తొడుగులు అతికి రంగు వేశాక ఎదురునుంచి ఒక ఫోటో తీసి పంపాను. మెచ్చుకుంటాడనుకున్నాను. అరగంట తరవాత ఫోను.

"ఏందిరా, మీటర్ గేజ్ మీద పెట్టినవా దీన్ని?"

"లేదు కాకా, బ్రాడ్ గేజే."

"ఏం బ్రాడ్ గేజ్ రా? పట్టాలు గంత దగ్గర దగ్గరున్నయి. బండి పడతది."

చేతికడ్డీలు చూడలేదు, బఫర్లు చూడలేదు, పసుపు పట్టీ చూడలేదు. ముప్పై ఏళ్ళు ఆ పట్టాల మీద కళ్ళు పెట్టి కూచున్న మనిషికి కనిపించింది ఆ మిల్లీమీటరున్నర. అంతవరకూ నేను అహెర్న్ పక్షం. ఊరు బాగుంటే చాలు, పట్టాలు ఎవరు కొలుస్తారు అనుకునేవాణ్ణి. ఆ ఫోను తరవాత నాలుగు రోజులు ఇంజను ముట్టుకోలేదు.

అయిదో రోజు చక్రాలు ఊడదీశాను. ఎన్ ఇంజన్లలో ఇరుసు ఒకే కడ్డీ కాదు. రెండు సగాలు మధ్యలో ప్లాస్టిక్ పళ్ళచక్రంలో దూరి ఉంటాయి. ఒక్కో చక్రాన్ని ముప్పావు మిల్లీమీటరు బయటికి లాగాలి. లాగితే బోగీ పక్కలకు తగులుతున్నాయి. పక్కలు కోసి, లోపల గీకి, సన్నని ప్లాస్టిక్ రేకు వేసి కాస్త బయటికి జరిపి అతికించాను. ఆరు ఇరుసులకు రెండు వారాలు పట్టింది. పదిన్నర మిల్లీమీటర్ల పట్టాలు బజార్లో దొరకవు గనక సర్క్యూట్ బోర్డు ముక్కలను స్లీపర్లుగా కోసి, వాటిమీద పట్టాలు సోల్డరింగ్ చేశాను. మొత్తం ఒక మీటరు. అసలు లోకంలో 160 మీటర్లు. ఈ ఇంజను ఇక నా మిగతా రైల్వే మీద నడవదు, ఈ మీటరు మీదే అటూ ఇటూ తిరగాలి.

ఈ రోజుల్లో కంపెనీలే ఇంజన్లను ఎంతో వివరంగా చేస్తున్నాయి. చేతికడ్డీలు విడిగా పెట్టి, మురికి కూడా వాళ్ళే పూసి అమ్ముతున్నారు. ఆకురాయివాళ్ళు గెలిచారనే అనాలి. కానీ అంత ఖరీదు పెట్టినదాన్ని ఎవరూ విప్పడం లేదు; విప్పితే తిరిగి అమ్మేటప్పుడు ధర పడిపోతుందని భయం. మన బళ్ళను దాదాపు ఎవరూ అలా చేసి అమ్మడం లేదు కాబట్టి మనకింకా ఆ భయం రాలేదు. ఈ కొరతను నేను ఇష్టపడుతున్నానా అంటే పూర్తిగా చెప్పలేను. కాజీపేట పిల్లవాడు దుకాణంలో తన ఊరి ఇంజను కొనుక్కోగలగాలి. కొనుక్కున్నాక దాన్ని ఎదురునుంచి చూసి, 'పట్టాలేమిటి ఇలా ఉన్నాయి' అని కూడా అడగాలి.

చివరగా శబ్దం. ఇంజను లోపల వేలిగోరంత డీకోడరు, దాని పక్కన చిన్న స్పీకరు పెట్టాను. అందులో అమెరికాలో ఒక ఆల్కో ఇంజను దగ్గర రికార్డు చేసిన చప్పుడుంది. పదహారు సిలిండర్ల 251 రకం, అచ్చంగా డబ్ల్యూడీఎం-2లో ఉన్నదే. నేను కోయకుండా, అతకకుండా ఈ బండిలో ఉంచినది అదొక్కటే. వీడియో తీసి కాకకు పంపాను.

ఈసారి పట్టాల ఊసు ఎత్తలేదు. "సౌండ్ మనదే," అన్నాడు. కాసేపాగి, "గని నువ్వు నడిపేది తప్పు. ఒకటో నాచ్‌ల బండి కదలాలె. నీది నాలుగో నాచ్ చప్పుడొచ్చినంక కదులుతాంది."

నిజమే. డీకోడరులో మోటారు కదలడానికి ఇచ్చే మొదటి వోల్టేజి తక్కువ పెట్టాను. ఇవాళ సాయంత్రం అది మార్చాలి.